హాస్టల్ వద్దు, మా చుక్క ఒప్పుకోదు

పిల్లల్ని హాస్టల్లో పెట్టి చదివించే తల్లిదండ్రుల మీద కేసు పెట్టాలి!

తొందరపడి పేజీ తిప్పేయకండి. నేను కోపిష్టిని కాను. పుంగనూరు బస్టాండు దారిలో ఎస్.టి.డి. బూత్ నడుపుకుంటున్న శాంతస్వభావుడిని. పేరు నరసింహప్ప. ముందు గదిలో బూత్, దాని వెనక ఇల్లు, ఇంటి వెనక ఆవు కొట్టం. ఈ వరస కాస్త గుర్తుంచుకోండి, తర్వాత పని పడుతుంది.

ఇంటి పట్టున ఉండి చదువుకోవడమే ఈ కాలపు పిల్లలకు దక్కిన అసలైన వరమని నా సిద్ధాంతం. సిద్ధాంతం అన్నాను కాబట్టి రుజువులు కూడా చూపిస్తాను.

మా అమ్మాయి సరళ రోజూ పుంగనూరు నుంచి మదనపల్లెకు బస్సులో పోయి వస్తూ బి.ఏ. పూర్తి చేసింది. ఆ బస్సే లేకపోతే ఆ డిగ్రీకి విలువేముంది? స్టూడెంట్ పాసు పిల్లలు కనబడగానే డ్రైవరు బస్సును స్టాపు దాటించి అల్లంత దూరాన ఆపుతాడు. పిల్లలు పుస్తకాలు పట్టుకుని పరిగెత్తాలి. ఏ హాస్టల్లోనైనా ఇంత క్రమం తప్పకుండా వ్యాయామం చేయిస్తారా? ఎక్కిన తర్వాత ఒంటికాలి మీద నిలబడాలి, ఎందుకంటే రెండో కాలు పెట్టాల్సిన చోట టమోటా గంప ఉంటుంది. ఋషులు దీనికోసం అడవులకు పోయారు. మన పిల్లలకు పాసు మీదే దొరుకుతోంది!

ఇక ఇంట్లో చదువు సంగతి. పుస్తకం తెరిచేసరికి కరెంటు పోతుంది. కరెంటు వచ్చేసరికి చుట్టాలు వస్తారు. వాళ్ళను సాగనంపేసరికి పక్కింటి అన్నపూర్ణమ్మ వస్తుంది. "ఏమ్మా, ఇంగా సదవతానే ఉండావా? అయిపోలేదా ఆ పుస్తకం?" అని అడిగి, పుస్తకం అయిపోయేదాకా కదలకుండా కూర్చుంటుంది. ఇన్ని అడ్డంకుల మధ్య బట్టీ పట్టిన పాఠాన్ని జన్మలో మరిచిపోగలరా? హాస్టల్లో ఏముంది? నిశ్శబ్దం. నిశ్శబ్దంలో ఎవరైనా చదువుతారు. అందులో గొప్పేముంది?

పైగా హాస్టల్ వల్ల వచ్చే ప్రమాదాలు మీకు తెలియవు. చేరిన కొత్తలో పిల్లలు తమ బట్టలు తామే ఉతుక్కుంటారు. సరే, పోనీ అనుకుంటాం. తర్వాత తమ పక్క తామే ఎత్తుకుంటారు. ఆ తర్వాత తమ నిర్ణయాలు తామే తీసుకుంటారు. చివరికి సెలవులకు ఇంటికొచ్చి, "నాయినా, తిన్న కంచం నువ్వే ఎత్తి పెట్టుకోకూడదా?" అని అడుగుతారు. నాగరికతలు కూలిపోవడం ఇలాగే మొదలవుతుంది!

"మరి మీ అబ్బాయి అరుణ్‌ను ఇంటర్‌కు తిరుపతి హాస్టల్లో వేశారు కదా?" అని మీలో కొందరు అడుగుతారని తెలుసు. వేశాం. అది వేరే సంగతి. ఎందుకు వేరే అంటారా? వేరే కాబట్టి వేరే. మీరిలా మధ్యలో అడ్డుపడితే నేను రాయలేను.

అన్నిటికన్నా గట్టి రుజువు నా బూత్‌లోనే ఉంది. కూరగాయల వ్యాపారి గంగప్ప కూతురు మాలతి బెంగుళూరులో ఏదో హాస్టల్లో ఉండి చదువుతోంది. ఆ పిల్ల ఇంట్లో ఉన్నన్నాళ్ళూ గంగప్ప ఆమెతో పట్టుమని పది మాటలు మాట్లాడిన పాపాన పోలేదు. ఇప్పుడు ఆదివారం వస్తే చాలు, నా అద్దాల గదిలో దూరి తలుపేసుకుంటాడు. నేను వినాలని వినను. అద్దం పల్చన, గంగప్ప గొంతు మందం.

"తిన్యావా?" అంటాడు. అటునుంచి ఏదో జవాబు. "ఏం తిన్యావు?" మళ్ళీ జవాబు. ఆ పైన రిసీవరు చెవికి ఆనించుకుని గోడ మీది మీటరు వంక చూస్తూ నిలబడతాడు. కాసేపటికి, "ఇనపల్లేదుమ్మా, ఇంగోసారి సెప్పు" అంటాడు.

అబద్ధం! నా బూత్‌లో లైను అంత స్పష్టంగా ఈ జిల్లాలోనే ఎక్కడా ఉండదు. బెంగుళూరులో దగ్గితే పుంగనూరులో వినబడుతుంది. ఒకసారి ఉండబట్టలేక, "ఏమప్పా గంగప్పా, నా లైను మీద లేనిపోని నింద యాల ఏస్తావు?" అని నిలదీశాను. ఆయన చెవి రుద్దుకుంటూ, "లైను బాగానే ఉండాది నరసింహప్పా, నాకే సరిగా ఇనపల్లే" అన్నాడు.

చూశారా? హాస్టళ్ళ వల్ల తండ్రులకు చెవుడు వస్తోంది! దీని మీద డాక్టర్లు పరిశోధన చేయాలి.

ఇంత జ్ఞానం ఉన్న నా ఇంటికే పోయిన సంవత్సరం ఆ ఆపద వచ్చి పడింది. కుప్పంలో యూనివర్సిటీ పెట్టారు కదా, అక్కడ ఎం.ఏ. చరిత్రలో సరళకు సీటు వచ్చింది. సోమవారం లోపల పోయి చేరాలి, లేకపోతే సీటు ఇంకొకరికి పోతుంది.

నేను వెంటనే కుప్పం మీద అధ్యయనం మొదలుపెట్టాను. అక్కడ మనిషి ఒక మాట తెలుగులో మొదలుపెట్టి, తమిళంలో సాగదీసి, కన్నడంలో ముగిస్తాడు. పిల్ల ఏ భాషలో చెడిపోయిందో కూడా మనకు తెలియదు. అంతకంటే ఘోరం, అక్కడ రైలుంది! ఊరి మధ్యలో స్టేషను పెట్టుకుని, ఎవరు పడితే వాళ్ళు ఎక్కి బెంగుళూరు పోయేలా చేశారు. మా పుంగనూరులో ఆ భయం లేదు, రైలే లేదు. మదనపల్లె వాళ్ళు ఇంకా తెలివైనవాళ్ళు. స్టేషను పెట్టించుకున్నారు గానీ ఊరికి దూరంగా పెట్టించుకున్నారు. అక్కడికి చేరేలోపల పిల్లలు మనసు మార్చుకుని ఇంటికి తిరిగొచ్చేస్తారు.

ఆ రోజు అన్నాలు తిన్నాక ఇవన్నీ ఇంట్లో ఒకటొకటిగా వివరించాను. మా ఆవిడ మునిరత్నమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ విన్నది. సరళ గోడకానుకుని విన్నది. నేను చివరగా, "పుంగనూరులో లేని సదువు కుప్పంలో ఏముండాది? ఈడనే టైపు నేర్చుకో. లేదంటే మదనపల్లెలోనే ఏదన్నా కోర్సులో సేరు, బస్సు ఉండనే ఉండాది" అని తీర్పు చెప్పాను.

"నాయినా, అరుణ్‌గాన్ని తిరుపతిలో ఏసినప్పుడు నువ్వు ఈ మాటలు ఒగటి గూడా సెప్పలేదే?" అని అడిగింది సరళ.

"వాని మాట యాల ఇప్పుడు? వాడు పాలు పిండుతాడా?" అన్నాను.

అన్న తర్వాత గానీ ఏమన్నానో నాకు తెలియలేదు. మునిరత్నమ్మ చేతిలో చిక్కుడుకాయ తుంచకుండా ఆగిపోయింది. సరళ నావైపు చూసిన చూపు చూసి, నేను గోడ మీది క్యాలెండర్‌లో వర్జ్యం ఎప్పుడో వెతకడం మొదలుపెట్టాను.

ఇంతదాకా వచ్చాక మీ దగ్గర దాచేదేముంది? మా ఇంట్లో చుక్క అని ఒక ఆవుంది. పుంగనూరు ఆవు అనగానే మీరు ముచ్చటగా పొట్టి ఆవును ఊహించుకుంటారు. ఇది అది కాదు. మామూలు జెర్సీ క్రాసు, నుదుట తెల్లమచ్చ, ఒళ్ళంతా పొగరు. మొదటి ఈతలో దాని దూడ దక్కలేదు. దూడ లేకపోతే ఆవు చేపడం, అంటే పాలు కిందికి వదలడం, కష్టమని పాడి ఉన్నవాళ్ళందరికీ తెలుసు. ఎవరు చేయి వేసినా పాలు పైకి ఎగబట్టుకునేది, లేదా తన్నేది.

అప్పుడు సరళ డిగ్రీ మొదటి సంవత్సరం. పొద్దున్నే పాలు పిండి, బస్సుకు పరిగెత్తాలి. చదువుకోవడానికి ఇంకెప్పుడు వీలవుతుంది? అందుకని కుడితి తొట్టి గట్టు మీద పుస్తకం తెరిచి పెట్టుకుని, పాఠం పైకి చదువుతూ పొదుగు కడిగేది. ఏ వాక్యం దగ్గర కరిగిందో ఏమో, చుక్క ఆ గొంతుకు చేపింది. తర్వాతి ఈతల్లో దూడలు బతికినా ఆ అలవాటు మాత్రం పోలేదు. సరళ రావాలి, పచ్చ చున్నీ వేసుకోవాలి, చరిత్ర చదవాలి. మొదటి పానిపట్టు యుద్ధం మొదలుకాగానే చుక్క చెవులు వాలుస్తుంది. రెండో యుద్ధానికి నెమరు మొదలుపెడుతుంది. మూడో యుద్ధంలో మరాఠాలు ఓడిపోయేసరికి బకెట్ నిండుతుంది. ఇన్నేళ్ళ పాటు ఒక్క క్లాసూ మానకుండా హాజరైన విద్యార్థిని మా కుటుంబంలో ఎవరైనా ఉన్నారంటే అది చుక్కే!

ఇప్పుడు చెప్పండి. అలాంటి పిల్లను కుప్పం పంపితే పాలవ్యాను వాడికి నేనేం జవాబు చెప్పాలి? నా పొద్దుటి కాఫీ ఏం కావాలి? ఆడపిల్ల భద్రత గురించి నేనంత బాధపడ్డానంటే ఊరికే బాధపడ్డానా?

మునిరత్నమ్మ చిక్కుడుకాయల పళ్ళెం పక్కకు జరిపింది. "అయితే నీకు కుప్పంతో పేచీ లేదు, రైలుతో పేచీ లేదు. సుక్కతోనే గదా? సుక్క నా సేతికి పాలిస్తే పిల్లను పంపుతావా?"

నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే అంతకు ఏడాది ముందు సరళకు జ్వరమొచ్చినప్పుడు మునిరత్నమ్మ ఒకసారి ప్రయత్నించింది. చుక్క తన్నిన తన్నుకు బకెట్ ప్రహరీ దాటి అన్నపూర్ణమ్మ పెరట్లో పడింది. ఆ ధైర్యంతోనే, "ఇస్తే నేనే బస్సెక్కిస్తా, పో" అన్నాను. మగవాడి మాట కదా, గట్టిగానే అన్నాను.

మర్నాడు పొద్దున వేడుక చూద్దామని కొట్టంలోకి పోయి మేత గాడి పక్కన నిలబడ్డాను. మునిరత్నమ్మ పచ్చ చున్నీ చీర మీద కప్పుకుని వచ్చింది. పుస్తకం తొట్టి గట్టు మీద పెట్టింది. ఏడో తరగతితో ఆపేసిన మనిషి, తడుముకుంటూ నాలుగు ముక్కలు చదివి లేచిపోతుందనుకున్నాను. ఆమె పుస్తకం వైపే చూడలేదు! బాబరు ఫిరంగులు ఎక్కడ నిలిపాడో, లోడీ ఏనుగులు ఎందుకు బెదిరాయో గడగడా చెప్పుకుంటూ పోయింది. చుక్క చెవులు వాల్చింది. బకెట్‌లో పాలు జుయ్యిమన్నాయి.

"ఇదెట్లా?" అన్నాను.

"నెల్లాళ్ళ నుంచి నేనే పిండతాండా" అన్నది మునిరత్నమ్మ, పిండడం ఆపకుండానే. "సీటుకు అప్లికేషన్ పెట్టిన్నాడే మొదలుపెట్టినాం. మొదట్లో పాప పక్కనుండి సదివేది, నేను పిండేదాన్ని. తర్వాత నేనే సదివినా."

"నాకు తెలీదే!"

"నువ్వెప్పుడన్నా ఈడికొచ్చి సూస్తే గదా తెలిసేది? కాఫీ వాసనకు లేస్తావు, తాగుతావు, బూత్ తెరుస్తావు. పాలు ఎవురు పిండితే నీకేం తెలుస్తాది?"

పాఠకులారా, నిజంగానే తెలియలేదు! నెల పాటు కాఫీలో రవ్వంత తేడా కూడా కనబడలేదు. ఆ మాట మీకు చెప్పడానికి నాకు సిగ్గుగానే ఉంది. కానీ ఇల్లంటే అంత సజావుగా నడుస్తుందనడానికి ఇంతకంటే రుజువు కావాలా? హాస్టల్లో ఉన్నవాడికి ఇలా తెలియకుండా కాఫీ వస్తుందా?

ఆదివారం సరళను నేనే బస్సెక్కించాను. పలమనేరు మీదుగా కుప్పం పోయే బస్సు. ట్రంకుపెట్టె పైన వేయించాను, కిటికీ పక్క సీటులో తుండు పరిచి ఆపి పెట్టాను. రైలు స్టేషను వైపు పోవద్దని, ఎవరేం పెట్టినా తినొద్దని, మూడు భాషల్లోనూ జాగ్రత్తగా ఉండమని చెప్పాను. బస్సు కదిలేటప్పుడు సరళ తల బయటికి పెట్టి, "నాయినా, సుక్కను అడిగినానని సెప్పు" అన్నది. నన్ను జాగ్రత్తగా ఉండమని కూడా అన్నదేమో, హారన్ మోతలో వినబడలేదు.

ఇంటికొచ్చి చుక్కకు చెప్పాను. ఎవరూ చూడకుండా చెప్పాను.

సరే, పిల్ల పోతే పోయింది, పాలు ఆగలేదు, కాఫీ ఆగలేదు అని నేను సర్దుకుంటున్న రోజుల్లో మునిరత్నమ్మ వచ్చి బూత్ గుమ్మంలో నిలబడింది. "ఏమయ్యా, నేను ఓపెన్ యూనివర్సిటీలో సేరతాండా" అన్నది.

"ఎందుకు?" అన్నాను.

"ఆ పానిపట్టునే ఎన్నాళ్ళని సదివేది? మరాఠా వోళ్ళు ఓడిపోయినాక ఏమయిందో నాకు తెలుసుకోవల్లని ఉండాది. మదనపల్లెలో ఆదివారం క్లాసులంట. మిగిలిందంతా ఇంట్లోనే ఉండి సదవచ్చు." నా కళ్ళలోకి చూస్తూ అన్నది. "ఇంట్లో ఉండి సదివేదే మంచిదని నువ్వే గదా సెప్తాండావు?"

దీనికి మీరైనా జవాబు చెప్పగలరా? నా సిద్ధాంతాన్ని దేశంలో నూటికి నూరుపాళ్ళు పాటించిన మొదటి మనిషి నా భార్యే అయింది. కాదనడానికి నోరెక్కడిది? ఆమె పొద్దున్నే లేచి దీపం కింద చదువుకుంటుంది. ఇంట్లో ఉండి చదువుకోవడం ఎంత గొప్ప వరమో మళ్ళీ చెబుతున్నాను. కాకపోతే ఒక చిన్న చిక్కుంది. ఒకరు ఇంట్లో ఉండి చదువుకోవాలంటే, ఆ పొద్దున ఇంకొకరు పాలు పిండాలి. ఈ సంగతి నేను సిద్ధాంతం తయారుచేసేటప్పుడు ఎవరూ చెప్పలేదు!

ఇప్పుడు పచ్చ చున్నీ నా దగ్గరుంది.

నవ్వకండి. మీసాలు కనబడకుండా చున్నీని ముక్కు దాకా కప్పుకోవాలి. మొదటి వారం చుక్క నన్ను తన్నని రోజు లేదు. మోకాలికి కట్టు చూసి గంగప్ప, "యాడ పడినావప్పా?" అని అడిగితే, "పానిపట్టు కాడ" అని చెప్పాను. పోనీ నా సొంత రచనలు వినిపిద్దామని, ఈ వ్యాసం మొదటి ప్రతిని చుక్క ముందు చదివాను. హాస్టళ్ళ మీద కేసు పెట్టాలన్న చోట తోక విసిరింది. అరుణ్ సంగతి వేరే అన్న చోట తన్నింది. సాహిత్యంలో ఇంత నిక్కచ్చి విమర్శను నేనెప్పుడూ ఎదుర్కోలేదు. నోరు మూసుకుని చరిత్రకే తిరిగొచ్చాను.

మెల్లగా అలవాటు పడింది. చుక్క కాదు, నేను. మొదటి యుద్ధం నోటికొచ్చింది. రెండోది కూడా వచ్చింది. మూడోదానికి మాత్రం పుస్తకం చూడాల్సిందే.

పోయిన ఆదివారం మునిరత్నమ్మ తొలిబస్సుకే మదనపల్లె క్లాసుకు పోయింది. పుస్తకం కూడా సంచిలో పెట్టుకుని పోయింది. ఆ సంగతి నేను చూసుకోలేదు. రెండు యుద్ధాలు ముగించి చూస్తే తొట్టి గట్టు ఖాళీ! సగం బకెట్ దగ్గర చుక్క పాలు ఎగబట్టుకుని తల వెనక్కు తిప్పి నావైపు చూసింది. తర్వాత ఏమిటన్నట్టు చూసింది.

చున్నీ తీయడం కూడా మరిచిపోయి ఇంట్లోంచి బూత్‌లోకి పరిగెత్తి, కుప్పం హాస్టల్‌కు ఫోన్ చేశాను. వాచ్‌మన్ ఎత్తి, వెళ్ళి పిలుచుకొచ్చాడు.

"ఏం నాయినా, ఇంత పొద్దున్నే? అందురూ బాగుండారా?" సరళ గొంతులో కంగారు.

"అంతా బాగుండారుమ్మా. మూడో పానిపట్టు సెప్పు. మీ యమ్మ పుస్తకం ఎత్తుకోని పోయింది. సుక్క సగంలో నిలబెట్టేసింది."

అటునుంచి నవ్వు. ఎంతసేపు నవ్వింది! ఆ నవ్వు ఇంట్లో వినబడి ఎన్నాళ్ళయిందో అప్పుడు తెలిసింది. తర్వాత మొదలుపెట్టింది. అబ్దాలీ ఏ దారిన వచ్చాడు, యమునను ఎలా దాటాడు, మరాఠాలకు తిండిగింజలు అందకుండా ఎలా కట్టడి చేశాడు, అన్నీ నిదానంగా, కొట్టంలో చెప్పినట్టే చెప్పింది. వెనక నుంచి చుక్క అరుస్తోంది. పాలవ్యాను హారన్ కొడుతోంది. అద్దం బయట గంగప్ప తన వంతు కోసం నిలబడి, నా ఒంటి మీది చున్నీ వంకే చూస్తున్నాడు.

సరళ ముగించింది. "అంతే నాయినా. గుర్తుంటాదా?"

ప్రతి మాటా గుర్తుంది. నా లైను అద్దంలా ఉంది. కుప్పం హాస్టల్ వరండాలో ఎవరో చెప్పులీడ్చుకుంటూ నడిచిపోవడం కూడా వినబడింది.

"ఇనపల్లేదుమ్మా" అన్నాను. "మొదట్నుంచి ఇంగోసారి సెప్పు."